వానలెక్కల చదువు: సందేహాలు – సమాధానాలు

వాతావరణ పరిశోధనలో గణాంకశాస్త్రం గురించి ఏమైనా అడగండి అంటే, సగానికి పైగా ఉత్తరాలు ఉస్మానియా హాస్టళ్ల నుంచి, తార్నాక, హబ్సిగూడ ఇళ్ల నుంచి వచ్చాయి. ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌ఐఎన్ పరిశోధన సంస్థలన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న పేట అది. అక్కడివాళ్లు అడగకపోతేనే ఆశ్చర్యం. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను.

*ఓయూ సైన్స్ కాలేజీలో ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ రెండో ఏడు చదువుతున్నాను. ఫిజిక్స్ ఇంటర్‌తోనే ఆగిపోయింది. వాతావరణం మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. సీనియర్లేమో 'అది ఫిజిక్స్ వాళ్లది, మనం డేటా సైన్స్‌కి పోవడమే మేలు' అంటున్నారు. నిజమేనా సార్?*
– విద్యార్థిని, లేడీస్ హాస్టల్, ఓయూ

సగం నిజమమ్మా. డేటా సైన్స్‌లో జీతం తొందరగా చేతికొస్తుంది, అందులో వాదన లేదు. 'ఫిజిక్స్ వాళ్లది' అన్నమాట మాత్రం మన దేశ చరిత్రకే సరిపడదు. 1904లో భారత వాతావరణ శాఖ (ఐఎండీ)కు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జి గణితవేత్త. వాతావరణశాస్త్రంలో అంతకుముందు ఆయనకు అనుభవమే లేదు. రుతుపవనాలను ముందుగా చెప్పమన్నారు. సమీకరణాలతో అయ్యే పని కాదని గ్రహించి ప్రపంచం నలుమూలల పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం లెక్కలు తెప్పించి సహసంబంధాలు వేయించాడు. పసిఫిక్ ఒక పక్క పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం పక్క తగ్గే ఊగిసలాట, మనం ఇప్పుడు సదరన్ ఆసిలేషన్ అంటున్నది, ఆ లెక్కల్లోంచే బయటపడింది.

గణాంకవేత్త మహలనోబిస్ కూడా 1922 నుంచి 1926 దాకా కలకత్తా అలీపూర్ వేధశాలలో వాతావరణ ఉద్యోగే. 1926 ఒరిస్సా వరదల తర్వాత నది అడుగు మేట వేసి పైకొచ్చిందని, కరకట్టలు ఎత్తు పెంచాలని ఇంజనీర్లు అన్నారు. ఆయన దశాబ్దాల వర్షపాతం, వరద మట్టాల లెక్కలు ముందేసుకుని అడుగు పెరిగిన దాఖలా లేదని తేల్చాడు. గణాంకం చదివినవాడు అడగగలిగిన ప్రశ్న అది: పెరిగిందంటున్నారు సరే, ఏ లెక్కను బట్టి?

అలాగని ఫిజిక్స్ అక్కర్లేదని చెప్పడం లేదు. తేమగాలి పైకెందుకు లేస్తుంది, అల్పపీడనం చుట్టూ గాలి ఎటు తిరుగుతుంది, సముద్రం వేడి ఎన్ని నెలలు నిలుస్తుంది, ఈ మాత్రం ఆరు నెలలు కూర్చుంటే వస్తుంది. డేనియల్ విల్క్స్ రాసిన వాతావరణ గణాంకశాస్త్రం పాఠ్యపుస్తకంతో మొదలుపెట్టండి. మీరు చదివిన రిగ్రెషన్, టైమ్ సిరీస్ అందులో వానై, ఎండై కనిపిస్తాయి. ఆర్ గానీ పైథాన్ గానీ ఒకటి గట్టిగా పట్టండి. నెట్‌సీడీఎఫ్ ఫైలు తెరిచి మ్యాపు గీయడం వచ్చేదాకా వదలకండి.

దారులు: సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో మ్యాథమెటికల్ సైన్సెస్ పేపర్‌లో స్టాటిస్టిక్స్ ఉంటుంది. గేట్‌లో 2019 నుంచి స్టాటిస్టిక్స్‌కు విడిగా పేపరుంది. మన ఊళ్లోనే గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వారి భూ, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ వాతావరణ, సముద్రశాస్త్ర విభాగం ఉంది. పుణెలో ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, బెంగళూరులో ఐఐఎస్సీ, ఢిల్లీ, బొంబాయి ఐఐటీలు సరేసరి. ఏ డిగ్రీ వాళ్లను తీసుకుంటారో ఏటా ప్రకటనలో చూసుకోండి, అర్హతలు మారుతుంటాయి. ఈలోగా ప్రాజెక్టు కోసం ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో, సంతోష్‌నగర్ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడాలో అడిగి చూడండి.

ప్రొఫెసర్లకు మెయిల్ రాసేటప్పుడు 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్' అని వందమందికి ఒకేసారి పంపకండి. అవి తెరవకుండానే పోతాయి. 'మీ పేపర్‌లో మూడో బొమ్మను ఐఎండీ వాన డేటాతో మళ్లీ గీశాను, తెలంగాణ దగ్గర నాకు తేడా వచ్చింది, ఎందుకో అర్థం కాలేదు' అని రాసి బొమ్మ జత చేయండి. జవాబు వస్తుంది.

*ఫోన్‌లో 'వర్షం 40 శాతం' అని చూపించింది. పడదులే అని బట్టలు మేడమీద ఆరేశాను. హబ్సిగూడలో మా చెల్లెలి ఇంటి దగ్గర దంచి కొట్టింది, మా వీధిలో చినుకు రాలలేదు. ఆ 40 దేనిలో శాతం?*
– గృహిణి, తార్నాక

రోజులో శాతం కాదు, ఊరిలో శాతం కూడా కాదు. ఇలాంటి పరిస్థితి ఉన్న రోజులు వంద తీసుకుంటే సుమారు 40 రోజులు మీరున్న చోట వాన పడుతుందని, 60 రోజులు పడదని దాని అర్థం. కాబట్టి మీ బట్టలు ఆరడం వల్ల ఫోను చెప్పింది తప్పయిపోదు, మీ చెల్లెలు తడిసినందుకు ఒప్పూ అయిపోదు. ఒక్క రోజుతో దాన్ని నిలదీయలేం.

నిలదీయడానికి పద్ధతి ఉందండీ. క్యాలెండర్‌లో రోజూ ఫోను చెప్పిన అంకె రాసి, పక్కన పడిందో లేదో టిక్ పెట్టండి. ఒక వానాకాలం అయ్యాక 40 చెప్పిన రోజులన్నీ ఏరండి. వాటిలో పదింట నాలుగు తడిస్తే ఆ యాప్ నిజాయితీగా ఉన్నట్టు. పదింట ఎనిమిది తడిస్తే తీసేయండి. గ్లెన్ బ్రయర్ అనే అమెరికన్ 1950లో దీనికో మార్కుల పద్ధతి పెట్టాడు: 0.4 చెప్పాక వాన పడితే తేడా 0.6, దాని వర్గం 0.36. పడకపోతే 0.4 వర్గం 0.16. అన్ని రోజులదీ సగటు తీస్తే ఎంత తక్కువొస్తే అంత మంచి అంచనా. ప్రపంచమంతా ఇప్పటికీ ఆ లెక్కే వాడుతున్నారు.

ఇక హబ్సిగూడ సంగతి. ఉరుముల మేఘం కొన్ని కిలోమీటర్ల మేరే ఉంటుంది, దాని అంచు మీకూ మీ చెల్లెలికీ మధ్య పడి ఉంటుంది. రేడియోలో 'ఒకటి రెండు చోట్ల', 'కొన్ని చోట్ల', 'అనేక చోట్ల' అంటారు చూశారా, అవి ఊరికే అనే మాటలు కావు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పావు వంతు వరకు పడుతుందనుకుంటే ఒకటి రెండు చోట్ల, సగం వరకు అయితే కొన్ని చోట్ల, ముప్పావు వరకు అయితే అనేక చోట్ల. ఆ మాటలు ఈసారి చెవిన పడితే బట్టల సంగతి మీరే తేల్చుకోగలరు.

*మా అమ్మాయి క్లైమేట్ మీద పీహెచ్‌డీ అంటోంది. ఎన్నేళ్లు? చివరికి ఉద్యోగం ఏం వస్తుంది? దాపరికం లేకుండా చెప్పండి.*
– ఒక తండ్రి, హన్మకొండ

పీహెచ్‌డీ అయిదేళ్లు అనుకోండి. ఆపైన పోస్ట్‌డాక్ రెండు నుంచి నాలుగేళ్లు, చాలామందికి విదేశంలో. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె భత్యం అదనం. ఇవి 2023 జనవరి నుంచి అమల్లోకొచ్చిన రేట్లు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే మూలవేతనం 57,700తో మొదలు. అప్పటికి అమ్మాయి వయసు ముప్ఫై దాటొచ్చు. పెళ్లి గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పను.

ఇబ్బంది జీతం కాదు, ఖాళీ భర్తీ కావడం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నియామకాలు ఏళ్లకేళ్లు ఆగిపోవడం ఓరుగల్లులో ఉన్న మీకు నేను చెప్పాలా. ఒక్క యూనివర్సిటీ కుర్చీనే నమ్ముకుంటే నిరాశ తప్పదు. అయితే ఈ చదువు అక్కడితో ఆగదు. వాతావరణ శాఖ, ఐఐటీఎం, నోయిడాలో వాతావరణ అంచనా కేంద్రం ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్, ఇన్‌కాయిస్, ఇస్రో కేంద్రాలు శాస్త్రవేత్తలను తీసుకుంటాయి. పంటల బీమా కంపెనీలకు, రీఇన్సూరెన్స్ వాళ్లకు, రేపు ఎంత గాలి వీస్తుందో ఎంత ఎండ కాస్తుందో తెలియాల్సిన కరెంటు కంపెనీలకు వాన, గాలి లెక్కలు తెలిసిన మనిషి కావాలి. గణాంకం పునాది గట్టిగా ఉంటే వాతావరణం వదిలేసినా బతకగలదు. వాతావరణం మాత్రమే వచ్చినవాళ్లకు ఆ వెసులుబాటు తక్కువ. అమ్మాయి మొదటి ఏడు ఎటు తిరిగినా మీరు కంగారు పడకండి, రెండో ఏడు చివర మాత్రం 'నీ ప్రశ్న ఏంటమ్మా?' అని అడగండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే దారిలో ఉన్నట్టే.

*తెలంగాణ వానాకాలం వర్షపాతానికి, ఏప్రిల్‌లో సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతకు ముప్ఫై ఏళ్ల డేటాతో సహసంబంధం చూస్తున్నాను. మ్యాపు మీద వందల గళ్లు వెతికితే దక్షిణ అట్లాంటిక్‌లో ఒక చోట 0.58 వచ్చింది, ఒక శాతం స్థాయిలో సిగ్నిఫికెంట్. ముందస్తు అంచనా మోడల్‌గా పేపర్ రాసేయమంటున్నారు. రాసేయనా?*
– పరిశోధక విద్యార్థి, ఓయూ క్యాంపస్

రాయకండి. ఇంకా రాయకండి అనాలి.

ముప్ఫై ఏళ్ల డేటాకు అయిదు శాతం స్థాయిలో సహసంబంధం దాటాల్సిన గీత 0.36. ఏ సంబంధమూ లేని వంద వరసలు తెచ్చి పోల్చినా సగటున అయిదు ఆ గీత దాటేస్తాయి. మీరు వందల గళ్లు వెతికారు. వంద లాటరీ టికెట్లు కొని ఒకటి తగిలితే, ఆ నంబరులో మహిమ ఉందనడం లాంటిది ఇది. పైగా సముద్రంలో పక్కపక్క గళ్లు కలిసే వేడెక్కుతాయి కాబట్టి ఒకటి పొరపాటున దాటితే చుట్టూ పది దాటి, మ్యాపు మీద అందమైన ఎర్రమచ్చ కనపడుతుంది. ఆ మచ్చను చూసి మోసపోయిన పేపర్లు లైబ్రరీ నిండా ఉన్నాయి. రెండు వరసల్లోనూ కాలంతో పాటు పెరుగుదలో తరుగుదలో ఉంటే అదొక్కటే సహసంబంధాన్ని తెచ్చిపెడుతుంది. ముందు ఆ ధోరణి తీసేసి చూశారా? తీశాక ఎంత మిగిలింది?

ఈ ప్రమాదం వాకర్‌కు తెలుసు. ఎన్నో సహసంబంధాల్లోంచి పెద్దదాన్ని ఏరుకున్నప్పుడు దాన్ని మామూలు గీతతో కొలవకూడదని 1914లోనే రాశాడు. ఎన్నింటిలోంచి ఏరుకున్నారో ఆ లెక్క కలుపుకుని గీత పైకి జరపాలి. వంద స్వతంత్ర పోలికలైతే అయిదు శాతం కాస్తా సుమారు 0.05 శాతం అవుతుంది. మీ ఒక శాతం అక్కడ నిలబడదు.

ఇక మన వాతావరణ శాఖ అనుభవం చూడండి. 1988 నుంచి గోవారీకర్ బృందం పదహారు పరామితుల మోడల్‌తో దీర్ఘకాలిక అంచనా వేసేవారు. హిమాలయాల మంచు, ఎల్ నినో, పీడనాలు, గాలులు అన్నీ కలిపిన పదహారు. ఏటేటా 'సాధారణ వర్షపాతం' అనేవారు, ఏటేటా దాదాపు అలాగే అయ్యేది. పేరొచ్చింది. 2002లో దీర్ఘకాలిక సగటులో 101 శాతం అన్నారు, పడింది 81 శాతం. జులైలో దేశం మొత్తం మీద పడాల్సిన దాంట్లో సగమైనా పడలేదు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే 1987 కరువు తర్వాత 2002 దాకా దేశానికి కరువు ఏడాది రాలేదు. అన్నేళ్లూ ఏ మోడలూ లేకుండా 'సాధారణం' అని బోర్డు పెట్టుకున్నవాడు కూడా అంతే సరిగ్గా చెప్పి ఉండేవాడు. మోడల్ తెలివిని కొలవాలంటే ఆ బోర్డువాడితోనే పోల్చాలి. వాతావరణ శాఖవాళ్లు తర్వాత ఊరుకోలేదు. 2003లో పరామితుల్ని ఒక మోడల్‌లో ఎనిమిదికి, ఇంకోదాంట్లో పదికి తగ్గించారు, 2007 నుంచి ఏప్రిల్ అంచనాకు అయిదు, జూన్ అంచనాకు ఆరు పరామితులతో అనేక మోడళ్ల సమష్టి పద్ధతి తెచ్చారు, 2021లో పలు దేశాల భౌతిక మోడళ్లను కూడా కలిపారు. తప్పిన అంచనాను దాచకుండా అంకెతో సహా బయట పెట్టిన శాఖ కాబట్టే ఈ కథ నేను చెప్పగలుగుతున్నాను.

ఒకప్పుడు నిజమైన సంబంధం కూడా శాశ్వతం కాదు. ఎల్ నినోకూ మన రుతుపవనాలకూ ఉన్న పాత సంబంధం బలహీనపడిందని కృష్ణకుమార్, బాలాజీ రాజగోపాలన్, మార్క్ కేన్ 1999లో చూపించారు. 1997లో భారీ ఎల్ నినో వచ్చినా వానకు లోటు లేదు. 2002లో అంత పెద్దది కాకపోయినా కరువొచ్చింది. ఈ ముడి విప్పినవాళ్లలో మన తెలుగువాడు కరుమూరి అశోక్ ఒకరు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. హిందూ మహాసముద్రంలోని డైపోల్ (తూర్పు, పడమర కొసల్లో ఉష్ణోగ్రతలు ఎదురెదురుగా మారడం) ఎల్ నినో దెబ్బను కాస్తుందని 2001లో, వేడి పసిఫిక్ తూర్పున కాకుండా నడిమధ్య పోగయ్యే రకం వేరే ఉందని 2007లో తన సహచరులతో కలిసి రాశారు. దానికి 'ఎల్ నినో మోడొకి' అని పేరు పెట్టారు. చూడండి, అక్కడ సహసంబంధం మొదటి మెట్టే. వేడి ఎక్కడ, గాలి ఎటు, తేమ ఎక్కడ దిగింది అన్న గొలుసు చూపించాకే అది శాస్త్రమైంది.

మీరు చేయాల్సింది: ఎన్ని గళ్లు వెతికారో పేపర్‌లో రాయండి. మొదటి ఇరవై ఏళ్లతో మోడల్ కట్టి, చూడని పదేళ్ల మీద పరీక్షించండి. ఆ పదేళ్లు మళ్లీ మళ్లీ చూసి మోడల్ సర్దితే అవి 'చూడనివి' కాకుండా పోతాయి, అదీ గుర్తుంచుకోండి. 'ఏటా సగటే చెప్పేవాడి' కన్నా బాగుందా చూడండి. దక్షిణ అట్లాంటిక్ వేడి వానను ఎలా పట్టుకోగలదో ఒక పేజీ రాయగలిగితే మీ గైడ్ గారికి అది చూపించండి, ఆయనే సంతోషిస్తారు. అన్నీ పోయి ఏమీ మిగలకపోతే 'సంబంధం లేదు' అని కూడా థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది.

*అయిదు రోజుల్లో అచ్చేస్తాం, ఇన్ని వేలు కట్టండి అని ఒక జర్నల్ మెయిల్ పెట్టింది. పీహెచ్‌డీ సబ్మిషన్‌కు పేపర్ కావాలి. కట్టొచ్చా?*
– ఇంకో పరిశోధక విద్యార్థి

వద్దు. అయిదు రోజుల్లో మీ పేపర్‌ను ఎవరూ చదవరు. రేపు ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవాళ్లకు ఆ జర్నళ్ల పేర్లు మీకన్నా బాగా తెలుసు.

*నేను రిటైర్డ్ సివిల్ ఇంజనీర్‌ను. 'వందేళ్లకోసారి వచ్చే వాన' అని డిజైన్లలో రాసేవాళ్లం. హైదరాబాద్‌లో 2000 ఆగస్టులో వచ్చింది, మళ్లీ 2020 అక్టోబరులో వచ్చింది. ఇరవై ఏళ్లకు రెండుసార్లు! మీ గణాంకం తప్పా, వాతావరణం మారిందా?*
– స్ట్రీట్ నంబర్ 8, హబ్సిగూడ

మూడు సంగతులు కలిసిపోయాయండీ, విడదీస్తాను.

వందేళ్లకోసారి అంటే వందేళ్ల విరామం కాదు, ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం. 99 శాతాన్ని ఇరవై అయిదుసార్లు గుణించుకుంటూ పోతే 78 దగ్గర ఆగుతుంది. అంటే ఇరవై అయిదేళ్లలో కనీసం ఒకసారి అది వచ్చే అవకాశం 22 శాతం. వందేళ్లకు 63 శాతమే, నూరు కాదు. ఇదొక కేంద్రానికి. నగరమంతా వర్షమాపకాలు పెట్టుకుని ఎక్కడో ఒకచోట దాటితే చాలంటే చాలా తరచుగానే దాటుతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు. 2020 అక్టోబరు 14న అదే బేగంపేటలో 19, ఘట్‌కేసర్ వైపు 30 దాటింది. ఒకే కేంద్రంలో రెండూ ఒకే స్థాయి సంఘటనలు కావు.

రెండోది, ఆ 'వందేళ్ల' అంకె ఎక్కడిది? చాలాసార్లు ముప్ఫై నలభై ఏళ్ల గరిష్ఠ వర్షాలకు గంబెల్ వక్రం గీసి, దాన్ని డేటా లేని చోటికి సాగదీసి తీసినది. అంకె పక్కన కింది హద్దు, పై హద్దు రాయాలి. డ్రాయింగుల్లో ఆ హద్దులు రాసినవాళ్లను నేను తక్కువగా చూశాను, మీరు రాసి ఉంటే నమస్కారం. ఇంకా గంబెల్ వక్రం తోక సన్నం. తోక లావుగా ఉండే ఊళ్లలో అది పెద్ద వానను తక్కువగా అంచనా వేస్తుంది. అందుకే ఇప్పుడు సాధారణీకరించిన అతిమూల్య పంపిణీ వాడుతున్నాం.

మూడోది మార్పు. ఈ లెక్కంతా రేపు కూడా నిన్నలాగే ఉంటుందన్న నమ్మకం మీద నడుస్తుంది. 1951 నుంచి 2000 దాకా మధ్య భారతంలో భారీ వానలు పెరిగాయని, ఓ మోస్తరు వానలు తగ్గాయని, రెండూ చెల్లుకుని మొత్తం పెద్దగా మారలేదని గోస్వామి బృందం 2006లో చూపించింది. వేడిగాలి ఎక్కువ తేమ పట్టుకుంటుంది, ఒక్క డిగ్రీకి సుమారు 7 శాతం. కాబట్టి పాత వక్రం మీద కట్టిన నాలా ఇప్పుడు చిన్నదే అనుకోవాలి.

అన్నట్టు వాన వేరు, వరద వేరు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తాక విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్నారు. ఇవాళ మునిగే కాలనీల్లో చాలావాటికి పైన అసలు నది లేదు, కింద చెరువు ఉండేది. ఆ తప్పు మాత్రం గణాంకం మీద వేయకండి.

*ఏఐ వచ్చేసింది, పది రోజుల వాతావరణం నిమిషంలో చెప్పేస్తోందట. ఇక స్టాటిస్టిక్స్ వాళ్లెందుకు?*
– బి.టెక్. విద్యార్థి, తార్నాక

2023లో గూగుల్ డీప్‌మైండ్ వారి గ్రాఫ్‌కాస్ట్ ఆ పని చేసి చూపించింది, చాలా కొలతల్లో ఐరోపా వాతావరణ అంచనాల కేంద్రం వారి మోడల్‌ను దాటింది కూడా. అది నేర్చుకున్నది ఎక్కడ? 1979 నుంచి పోగుచేసిన ఈఆర్‌ఏ5 డేటా మీద. దశాబ్దాల పరిశీలనల్ని భౌతిక మోడల్‌లో కలిపి, ఏ కొలతలో ఎంత పొరపాటుందో తూకం వేసి తయారుచేసిన డేటా అది. ఆ తూకం వేయడమే గణాంకం. ఇంతకుముందు చూడని వాన వచ్చినప్పుడు ఇలాంటి ఏఐ మోడళ్లు ఏం చేస్తాయో, అంచనా పక్కన అనిశ్చితి ఎంత రాయాలో తేల్చే పని ఇప్పుడే మొదలైంది. పని తగ్గలేదు, తమ్ముడూ.

*2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ మునిగింది కదా. ఐఎండీ డేటాలో ఆ వాన 14న ఉంది. ఉపగ్రహ డేటాలో 13న. రెండింటికీ సహసంబంధం దారుణంగా వస్తోంది. ఏది తప్పు?*
– ఎం.ఎస్సీ. ప్రాజెక్టు విద్యార్థి, ఓయూ

రెండూ ఒప్పే. మన వర్షమాపకాన్ని ఉదయం 8.30కి చదువుతారు. మనిషి వెళ్లి, సీసాలో చేరిన నీళ్లను గీతల గ్లాసులో పోసి, గీత కంటికి సమానంగా పెట్టి చూసి, ఆ రోజు తేదీ మీద రాస్తాడు. అంటే 14 అని ఉన్నది 13 ఉదయం 8.30 నుంచి 14 ఉదయం 8.30 దాకా పడిన వాన. 13 రాత్రి వాన అందులోకే వస్తుంది. ఐమెర్గ్ ఉపగ్రహ డేటాలో రోజు గ్రీనిచ్ అర్ధరాత్రికి మొదలవుతుంది, మనకు ఉదయం 5.30. అందుకే దాని 13, ఐఎండీ 14తో దాదాపు కలుస్తుంది, మూడు గంటల తేడాతో.

ఒక రోజు జరిపితే సహసంబంధం లేచి కూర్చుంటుంది. అంతకన్నా మంచి పని, ఐమెర్గ్ అరగంట ఫైళ్లు దింపుకుని ఉదయం 8.30 నుంచి 8.30కి మీరే కూడుకోవడం. నలభై ఎనిమిది ఫైళ్లు ఒక రోజుకు, కాస్త విసుగు. ఏది చేసినా, ఏం జరిపారో ప్రాజెక్టు రిపోర్టులో డేటా పేరా కిందే రాయండి. మీ తర్వాత ఆ ఫైళ్లు వాడే జూనియర్ ఇదే ఉత్తరం నాకు మళ్లీ రాయకుండా ఉంటాడు.